జీపు తలుపు మీద ఖమ్మం జిల్లా: రేడియం స్టిక్కర్ ఆయుష్షు, చింతూరు కథ

ఈ ఎపిసోడ్ చింతూరు నుంచి. మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, నేను రికార్డ్ చేస్తున్న గది సరిగ్గా హైవే పక్కనే ఉంది. భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్, రాయ్‌పూర్ వెళ్లే 30వ నంబర్ జాతీయ రహదారి ఇది. బండ్లకి తక్కువ లేదు, బండ్ల మీద స్టిక్కర్లకి అసలే తక్కువ లేదు. అమ్మ దీవెన, నాన్న కష్టం, హీరో బొమ్మ, దేవుడి బొమ్మ, ఊరి పేరు. ఈరోజు ఆ స్టిక్కర్ గురించే మాట్లాడుకుందాం. కొన్ని ఆరు నెలలకే ఎందుకు ఊడిపోతాయి? కొన్ని పదేళ్లయినా ఎందుకు కదలవు?

ఇది నా బుర్రలోకి ఎలా వచ్చిందో ముందు చెప్తాను.

2023 మే నెల. మా మావయ్య తన కమాండర్ జీపుకి పాత స్టిక్కర్ పీకించి కొత్తది వేయించుకుందామని రేడియం షాపుకి బయల్దేరితే నేనూ ఎక్కాను. డ్రైవర్ వైపు తలుపు మీద వెడల్పాటి ఆకుపచ్చ పట్టీ, దాని మీద తెల్ల అక్షరాలు. పైన ఊరి పేరు, కింద చింతూరు మండలం, ఆ కింద తూర్పు గోదావరి జిల్లా. పట్టీ అంచులు పైకి లేచి అప్పడంలా తయారయ్యాయి. షాపు అన్న హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ ఒక మూల నుంచి మెల్లగా లాగాడు. సగం సాగి వచ్చింది, సగం పెంకుల్లా విరిగింది. మొత్తం తీసేసి, కిరోసిన్ గుడ్డతో జిగురు తుడిచాక చూస్తే కింద ఇంకో రాత ఉంది. స్టిక్కర్ కాదు, గోకితే ఏమీ రాదు, ఒట్టి పెయింటే. కానీ అక్షరాలు చక్కగా చదవొచ్చు. ఖమ్మం జిల్లా.

మావయ్య కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. "ఇది పోలేదా ఇంకా" అన్నాడు.

జరిగిందేంటంటే, 2010లో ఆ తలుపు మీద ఖమ్మం జిల్లా అని అక్షరాలు అతికించారు. అయిదేళ్ల ఎండకి అక్షరాల చుట్టూ ఉన్న పెయింట్ వెలిసిపోయింది, అక్షరాల కింద ఉన్న పెయింట్‌కి మాత్రం ఎండే తగల్లేదు. 2015లో ఆ అక్షరాలు పీకి, పైన ఈ ఆకుపచ్చ పట్టీ వేశారు. పట్టీ కింద ఆ రంగు తేడా ఎనిమిదేళ్లు భద్రంగా దాక్కుంది. స్టిక్కర్ పోయినా దాని నీడ మిగిలింది. పాత కార్లు కొనేవాళ్లని అడగండి, పీకేసిన ట్యాక్సీ స్టిక్కర్ నీడని చూసే బండి జాతకం చెప్పేస్తారు.

మరి మూడేసి జిల్లాలు ఎందుకు మారాయి? చింతూరు బయటివాళ్లకి ఇది చెప్పాల్సిందే.

శబరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతం నిజాం చేతిలోంచి 1860లో బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు దీన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా కింద పెట్టారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలని మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకి మార్చారు, అదే తర్వాత తూర్పు గోదావరి అయింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలని తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలపడానికి మే 29న ఆర్డినెన్స్ వచ్చింది, జూలైలో పార్లమెంటు చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మళ్ళీ తూర్పు గోదావరికి వెళ్లాయి. భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది, ఆ మండలంలో మిగతా పల్లెలు ఎటపాక వైపు ఇటొచ్చాయి. పేపర్లవాళ్లు ఇప్పటికీ మమ్మల్ని విలీన మండలాలు అనే రాస్తారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, చింతూరు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది.

లెక్క చూడండి. ఖమ్మం జిల్లా అన్న మాట ఇక్కడ 55 ఏళ్లు ఉంది. రెండోసారి వచ్చిన తూర్పు గోదావరి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మంచి రకం వినైల్ స్టిక్కర్‌కి కంపెనీలు చెప్పే ఆయుష్షు ఏడు నుంచి పదేళ్లు. అంటే మా దగ్గర స్టిక్కర్ బతికుండగానే జిల్లా పేరు మారిపోయింది. మావయ్య జీపు నంబర్ ఇప్పటికీ ఏపీ 20. అది ఖమ్మం కోడ్.

సరే, షాపు సంగతికి వద్దాం. మనం రేడియం షాపు, రేడియం స్టిక్కర్ అంటాం కదా, అందులో రేడియం ఉంటుందా? చుక్క కూడా ఉండదు. క్యూరీ దంపతులు రేడియాన్ని 1898లో కనిపెట్టారు. తర్వాత దాన్ని చీకట్లో మెరిసే పెయింట్‌లో కలిపి గడియారం ముళ్లకి వేసేవాళ్లు. అది ఎంత ప్రమాదమో తెలిసి ఎప్పుడో మానేశారు, మెరిసేదానికల్లా రేడియం అన్న పేరు మాత్రం మన దగ్గర ఉండిపోయింది. రాత్రి హెడ్‌లైట్ పడగానే వెలిగే స్టిక్కర్‌లో ఉండేవి సన్నటి గాజు పూసల్లాంటివి. వచ్చిన వెలుతురుని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి, అంతే. మిగతా మామూలు స్టిక్కర్ అంతా పీవీసీ, అంటే మన ఇళ్లల్లో నీళ్ల పైపు ఏ జాతో అదే జాతి.

ఈ పీవీసీ పుట్టుక నాకు భలే నచ్చుతుంది. 1872లో జర్మనీలో యూజెన్ బామన్ అనే కెమిస్టు, వినైల్ క్లోరైడ్ అనే వాయువు ఉన్న గాజు పాత్రని ఎండ తగిలేలా ఉంచాడు. కొన్నాళ్లకి లోపల తెల్లటి గట్టి పదార్థం తయారైంది. దాంతో ఏం చేయాలో అప్పట్లో ఎవరికీ తెలియలేదు, గట్టిగా పెళుసుగా ఉండేది. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్, రబ్బరుని ఇనుముకి అతికించే జిగురు కోసం వెతుకుతూ ఈ పొడిని ఒక నూనెలాంటి ద్రవంలో వేడి చేశాడు. జిగురు రాలేదు కానీ మెత్తగా సాగే పదార్థం వచ్చింది. ఆ మెత్తదనం ఇచ్చే ద్రవాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. స్టిక్కర్ వంగుతోందంటే, సాగుతోందంటే అదంతా ప్లాస్టిసైజర్ పుణ్యమే.

ఎండలో పుట్టిన ఈ పదార్థాన్ని చంపేది కూడా ఎండే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పీవీసీ గొలుసుల్ని తెంపుతాయి, వేడి ఆ పనిని ఇంకా వేగంగా చేయిస్తుంది. మెత్తదనం ఇచ్చే ద్రవం మెల్లగా బయటికి పోతుంది. ముందు మెరుపు తగ్గుతుంది, తర్వాత స్టిక్కర్ కుంచించుకుంటుంది, చివరికి పెళుసెక్కి గోరు తగిలితే పెంకులూడుతుంది. మావయ్య జీపు మీద పట్టీ ఆ చివరి దశలో ఉంది. మే నెలలో చింతూరులో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలబెట్టిన జీపు బానెట్ అయితే చేయి పెట్టలేం. ఏజెన్సీ అనగానే అందరికీ అరకు పొగమంచు గుర్తొస్తుంది. మాది నది ఒడ్డు ఫ్రెండ్స్, మా వేసవి వేరే.

ఇక్కడొక చిన్న మోసం ఉంది. మోసం అనకూడదేమో, చదవకపోవడం మన తప్పు. స్టిక్కర్ రోల్ మీద ఇన్నేళ్లు అని రాసి ఉంటుంది కదా, ఆ లెక్క ఏ ఊరి ఎండకి? ఒరాఫోల్ అని జర్మనీ కంపెనీ ఉంది, మన రేడియం షాపుల్లో దాని ఒరాకల్ రోల్స్ చూసే ఉంటారు. వాళ్ల డేటా షీట్లలో, మధ్య యూరప్ వాతావరణంలో, నిలువుగా అతికిస్తే, అని షరతు ఉంటుంది. మధ్య యూరప్! అక్కడి ఎండాకాలం మనకి జనవరి లాంటిది. ఇక నిలువుగా అంటే తలుపు, గోడ, షట్టర్. బానెట్ మీదో, జీపు టాప్ మీదో పడుకోబెట్టినట్టు అతికిస్తే మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, వాన నీళ్లు నిలుస్తాయి, ఆయుష్షు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఒకే రోజు, ఒకే రోల్‌లోంచి కోసి వేసినా బానెట్ మీది బొమ్మ ముందు పోతుంది, తలుపు మీది పేరు తర్వాత పోతుంది.

రోల్స్‌లో రెండు రకాలుంటాయని షాపు అన్న చెప్తుంటే నాకు వంటిల్లు గుర్తొచ్చింది. ఒక రకం చపాతీ లాంటిది. వేడి పీవీసీ ముద్దని రోలర్ల మధ్య వత్తి పలుచగా చేస్తారు. దీన్ని క్యాలెండర్డ్ అంటారు. వత్తిన చపాతీ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది కదా, ఇదీ అంతే. ఎండ తగిలేకొద్దీ పాత సైజుకి వెనక్కి లాగుతుంది, అంచుల దగ్గర జిగురు బయటపడుతుంది, దానికి మా ఎర్ర దుమ్ము పట్టి అక్షరం చుట్టూ గోధుమ రంగు గీత ఏర్పడుతుంది. మీ బండి మీద ఆ గీత ఉంటే అది మురికి అనుకోకండి, స్టిక్కర్ కుంచించుకుందని అర్థం. రెండో రకం దోసె లాంటిది. పీవీసీని ద్రవంగా చేసి పలుచగా పోసి, ఓవెన్లలో ఆరబెడతారు. దీన్ని కాస్ట్ అంటారు. ఎవరూ వత్తలేదు, లాగలేదు కాబట్టి వెనక్కి ముడుచుకోవాలన్న తొందర తక్కువ. పలుచన కూడా, దాదాపు 50 మైక్రాన్లు. వంపుల మీద బాగా కూర్చుంటుంది. రేటు మాత్రం రెట్టింపు పైనే. మామూలు చపాతీ రకం మూడు నుంచి అయిదేళ్లు, కాస్ట్ ఏడేళ్ల పైన అని కంపెనీల మాట. మా ఎండకి రెండిట్లోంచీ కొంత తీసేయండి.

రంగు సంగతి చెప్పాలి. నలుపు, తెలుపు మొండివి. నల్లరంగులో ఉండే కార్బన్ బ్లాక్, తెల్లరంగులో ఉండే టైటానియం డయాక్సైడ్ ఆ కిరణాల్ని తామే ఆపేస్తాయి, లోపలి పీవీసీకి గొడుగు పట్టినట్టు. ఫ్లోరోసెంట్ రంగులు అన్నిటికంటే ముందు చస్తాయి. ప్రింట్ చేసిన స్టిక్కర్లు, ఫ్లెక్సీలు అయితే ఇంకో తమాషా. పసుపు, మెజెంటా సిరాలు ముందు వెలిసిపోతాయి, సయాన్ అనే నీలం సిరా, నలుపు మిగులుతాయి. అందుకే బస్టాండ్ దగ్గర పాత ఫ్లెక్సీల్లో నాయకులందరూ, ఏ పార్టీ అయినా సరే, ఏడాది తిరిగేసరికి నీలంగా మారిపోయి ఉంటారు.

ఇదంతా స్టిక్కర్ వైపు నుంచి. అతికించేవాడి వైపు నుంచి చూస్తే కథ ఇంకా పెద్దది. మా షాపు అన్న ఒక మాట అన్నాడు: "తమ్ముడూ, సగం స్టిక్కర్లు ఎండకి చచ్చేవి కాదు, పుట్టినరోజునే చచ్చేవి." కింద దుమ్ము, ఆయిల్, పాలిష్ మైనం ఉంటే జిగురు ఆ దుమ్ముకే అంటుకుంటుంది, బండికి కాదు. ఆయన ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఆ చోట వేలు కూడా పెట్టనివ్వడు. కొత్తగా పెయింట్ వేసిన బండి తెస్తే కొన్ని వారాలు ఆగి రమ్మంటాడు. ఆరని పెయింట్‌లోంచి ఆవిర్లు వచ్చి స్టిక్కర్ కింద బుడగలు లేస్తాయి. కొత్త బైక్ కొన్న రోజే నల్ల ప్లాస్టిక్ మడ్‌గార్డ్ మీద పేరు వేయమంటారు కుర్రాళ్లు, ఆ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ సరిగ్గా పట్టదు. పెట్రోల్ ట్యాంకు మూత చుట్టూ వేయించుకుంటే ప్రతిసారీ ఒలికే రెండు చుక్కల పెట్రోలే దాని పని పడుతుంది. ఒకసారి డిసెంబర్‌లో లంబసింగి ట్రిప్పుకి వెళ్తూ, పొద్దున్నే మంచు పట్టిన బండి మీద గ్రూప్ పేరు అతికించిన ఫ్రెండ్స్ ఉన్నారు నాకు. చింతపల్లి చేరేసరికి గ్రూప్‌లో ఇద్దరి పేర్లు లేవు. చలికి జిగురు గట్టిపడుతుంది, తడి ఉంటే అసలు అంటదు. ఈ జిగురు పని చేసేది ఒత్తిడితో. కార్డుతో మధ్యలోంచి అంచులకి గట్టిగా రుద్దాలి, తర్వాత ఒకట్రెండు రోజులు కడక్కుండా వదిలేస్తే పట్టు పూర్తిగా వస్తుంది.

తెలుగు అక్షరాలకి ఇంకో కష్టం ఉంది. ఇది ఇంగ్లీషు డేటా షీట్లలో ఎక్కడా దొరకదు. స్టిక్కర్ అంచు నుంచి చస్తుంది. ముక్క ఎంత చిన్నదైతే దానికి జిగురు అంత తక్కువ, అంచు అంత ఎక్కువ. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒక్కొక్కటీ ఒక్క ముక్క. మన అక్షరాలకి సున్నా విడిగా, వత్తు విడిగా, కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా విడిగా తెగుతుంది. కడిగేటప్పుడు చీపురు తగిలితే మొదట పోయేది సున్నానే. చింతూరు కాస్తా చితూరు అయిపోయిన ఆటోలు నేను మూడు చూశాను. ఒక బండి మీద అమ్మ దీవెనలో వత్తు రాలిపోయి అమ దీవెన అని ఉంది, పాపం ఆయనకి తెలియదు. పూర్వం చేత్తో బ్లేడ్ పట్టుకుని, వెనక కాగితం మీద తిరగేసి గీసి కోసేవాళ్లు. వాళ్లు వత్తుని అక్షరానికి తాకించి ఒకే ముక్కగా కోసేవాళ్లట. ఇప్పుడు కంప్యూటర్‌లో అను ఫాంట్ పెట్టి, కోరల్‌డ్రాలో సైజు చూసి, కటింగ్ ప్లాటర్‌కి పంపేస్తే నిమిషంలో తెగుతుంది. ఫాంట్ ఎలా ఉంటే అలా. షాపులో మీరు అడగొచ్చు: సున్నా కాస్త పెద్దది చెయ్యన్నా, వత్తు కలిపెయ్యన్నా అని. చేస్తారు.

ఇక నీళ్లు. 2022 జూలై వరద గుర్తుందా? జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో 75.6 అడుగులు వచ్చింది, దాని తర్వాత ఇదే పెద్దది. గోదావరి అంత నిండితే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి కలవలేక వెనక్కి తంతుంది, ఆ నీళ్లు చింతూరులోకి వస్తాయి. వరద తీశాక మా వీధిలో బోర్డులన్నీ బురద పూసుకుని ఉన్నాయి. కడిగితే తెలిసిందేంటంటే, చాలా స్టిక్కర్లకి నీళ్ల వల్ల ఏమీ కాలేదు! గాజు తలుపు మీద వేసినవి కడగగానే కొత్తవాటిలా వచ్చాయి. ప్లైవుడ్ బోర్డు మీద వేసినవి పోయాయి, ఎందుకంటే ప్లైవుడ్డే ఉబ్బి పొరలు విడిపోయింది. రేకు మీద వేసినవి రెండు నెలలు బాగానే ఉండి, తర్వాత కింద తుప్పు లేచి, తుప్పుతో పాటు పొట్టులా రాలాయి. స్టిక్కర్ తప్పు లేదు, కింద ఆధారమే పోయింది.

మావయ్య ఇల్లు ఆ వరదలో మునిగింది. జీపుని ముందే గుట్ట మీదికి ఎక్కించాడు కాబట్టి మిగిలింది. ఆ ఊరు పోలవరం ముంపులో కూడా ఉంది. మా వైపు చిన్నపిల్లలకి కూడా 41.15, 45.72 అన్న అంకెలు తెలుసు. సముద్ర మట్టం నుంచి మీటర్లలో నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చెప్పే కాంటూర్లు అవి. మొదటి దశ 41.15, ప్రాజెక్టు పూర్తిగా నింపితే 45.72. ఏ ఇల్లు ఏ అంకె కింద వస్తుంది, ఎవరు ఎప్పుడు కాలనీకి వెళ్లాలి అన్నదే మా దగ్గర పెళ్లిళ్లలోనూ చావుల దగ్గరా మాట.

ఇప్పుడు మళ్ళీ షాపుకి. తలుపు తుడిచి, స్పిరిట్ కొట్టి, అన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ రోల్ వేయమంటావని అడిగితే మావయ్య కాస్ట్‌ది అన్నాడు. అన్నకి ఆశ్చర్యం. సర్వీసు జీపుకి అంత ఖరీదుది ఎవరూ అడగరు. "పదేళ్లు ఉండేది వెయ్యి. తెలుపు" అన్నాడు మావయ్య. తెలుపు మొండిదని ఆయనకి నేను చెప్పలేదు, ముప్పై ఏళ్లు బండి నడిపినవాడికి తెలుసు.

అన్న ఊరి పేరు టైప్ చేశాడు. కింద చింతూరు మండలం. తర్వాత, "జిల్లా విడిగా కోస్తా మావా. మళ్ళీ మారితే అదొక్కటే పీక్కోవచ్చు" అన్నాడు. విలీనం అయిన దగ్గర్నుంచి అన్ని బండ్లకీ అలాగే కోస్తున్నాడట.

మావయ్య తలుపు వైపు చూశాడు. వెలిసిన పెయింట్ మీద ఖమ్మం జిల్లా ఇంకా అలాగే ఉంది. రబ్బింగ్ పాలిష్ కొడితే చాలావరకు పోతుందని అన్న అన్నాడు.

"వద్దులే. జిల్లా వేయకు. ఊరి పేరు, మండలం చాలు."

అలాగే వేశారు. ఊరి పేరులో సున్నా ఉంది, అన్నతో చెప్పి దాన్ని కాస్త పెద్దది చేయించాను. రెండు రోజులు నీళ్లు తగలనివ్వద్దని అన్న గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రమే ఈదురుగాలితో వాన పట్టుకుంది. మావయ్య ఆ రాత్రి కుంట ట్రిప్పు మానేసి, జీపుని తెలిసినవాళ్ల సిమెంటు కొట్టు షెడ్డులో పెట్టించి, మా ఇంట్లోనే పడుకున్నాడు.